తొమ్మిదేళ్ల డీజిల్ కారు: ఎర్ర దీపం ఒక్కటి చాలదు

ఈ కారు మీద నాకున్న కోపమంతా డాష్‌బోర్డులో వెలిగే ఆ చిన్న ఎర్ర నూనెడబ్బా బొమ్మ మీదే. మైలేజీ, ఏసీ, సీట్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు, వాటి జోలికి పోను. 2015లో కొన్నాను, ఇప్పటికి 1,52,000 కిలోమీటర్లు తిరిగింది. ఈ తరగతి కార్లు చాలావాటిలో ఉండేది ఇదే దీపం కాబట్టి కంపెనీ పేరుతో పని లేదు.

మా నాన్నగారి ట్రాక్టరులో ఆయిల్ ప్రెషరుకు ముల్లు ఉండేది. చిత్తూరు దగ్గర మా చేలో దున్నుతున్నంతసేపూ ఆయన ఒక కన్ను ఆ ముల్లు మీదే ఉంచేవారు. అది కాస్త కిందికి వాలినా సరే, దున్నే చాలు మధ్యలోనే ఇంజిన్ ఆపేసేవారు. పొలంలో తిరిగే బండికి ఉన్న ఆ సదుపాయం నా కారుకు లేదు.

ఉన్నదల్లా దీపం. అది ఆయిల్ మట్టం తగ్గిందని చెప్పేది అనుకుంటూ ఏళ్లు గడిపాను. కాదు, అది చెప్పేది ఒత్తిడి సంగతి. పంపు ఆయిల్‌ను తోస్తుంది, ఇంజిన్‌లో తిరిగే భాగాలను మోసే బేరింగుల సందుల్లోంచి అది దూరి వెళ్లడానికి పడే కష్టమే ఒత్తిడి. ఆ ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. అది సుమారు అర బార్‌కో, అంతకన్నా కిందికో పడిపోతే తప్ప దీపం వెలగదు. ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేటప్పుడు మూడు బార్లు ఉండాల్సిన చోట ఒక్క బారే ఉన్నా డ్రైవరుకు ఏమీ తెలియదు. బేరింగులు మాత్రం అరుగుతూనే ఉంటాయి.

2022 మే నెలలో అమ్మకు దర్శనం చేయించి తిరుమల నుంచి దిగుతున్నాం. దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. రెండో గేరులో ఉంది, ఇంజిన్ గట్టిగానే తిరుగుతోంది. ఒక మలుపులో దీపం మినుకుమంది. తర్వాతి మలుపులో వెలిగి అలాగే ఉండిపోయింది. పిట్టగోడ పక్కన కాస్త వెడల్పు దొరకగానే నిలిపి తాళం తిప్పేశాను. ఇంజిన్ ఆపి కిందికి జారవిడవవచ్చు కదా అనిపిస్తుంది కానీ ఘాట్‌లో ఆ పని ఎవరూ చేయకండి. బ్రేకు, స్టీరింగ్ రెండూ బిగుసుకుంటాయి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ రెండు గీతల మధ్య నిండుగా ఉంది. అరగంట ఆగి స్టార్ట్ చేస్తే దీపం లేదు! అయినా నమ్మలేక బండిని మరో వాహనం మీద ఎక్కించి కిందికి తెచ్చాను.

మొదట చూసినవారు సెన్సార్ పోయిందని మార్చారు. పది రోజులకు శ్రీకాళహస్తి నుంచి వస్తుంటే రేణిగుంట దగ్గర మళ్లీ వెలిగింది. ఇంకోచోట పంపు పోయింది, ఇంజిన్ దించాలి, అరవై వేలవుతుందన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరికి కరకంబాడి రోడ్డులో రేకుల షెడ్డులో పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఏదీ విప్పలేదు. ముందు సెన్సార్ తీసి, ఆ రంధ్రంలో గొట్టం బిగించి, చేతి గేజీ తగిలించాడు. చల్లటి ఇంజిన్‌కు మూడున్నర బార్లు చూపింది. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టి ఇరవై నిమిషాలు అలాగే ఉంచాడు. ముల్లు మెల్లగా దిగుతూ దిగుతూ ఒకటి దగ్గరికి వచ్చింది. ఆపి, టీ తాగి, మళ్లీ స్టార్ట్ చేస్తే రెండున్నర!

"పంపు అరిగిపోతే టీ తాగి వచ్చేలోగా బాగుపడదు సార్. దాని గొంతుకు ఏదో అడ్డం పడుతోంది. ఇంజిన్ ఆగితే అది జారిపోతోంది" అన్నాడు.

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని, అంటే సంపును విప్పాడు. పంపుకు ఆయిల్ అందించే స్ట్రైనర్ మన టీ వడకట్టు అంత ఉంటుంది. దాని జాలీ మీద తడిసిన సేమ్యాలా నల్లటి పోగులు అతుక్కుని ఉన్నాయి. ఒకటి లాగితే రబ్బరులా సాగింది. అంతకు ఏడాది ముందు ఒక వర్క్‌షాపులో సంపు లీకు ఆపడానికి పట్టించిన సిలికాన్ అది. అవసరానికి మించి పట్టించారు, లోపలికి ఉబికినది తెగి ఆయిల్లో పడింది. ఇంజిన్ తిరిగితే పంపు పీల్పుకు జాలీకి అంటుకుంటుంది, ఆగితే రాలిపోతుంది. మూడు వందల రూపాయల పేస్టు నా ఇంజిన్‌ను మింగబోయింది.

పంపును కూడా విప్పి చూపించాడు. లోపలి చక్రానికి బయటి చక్రం కన్నా ఒక పల్లు తక్కువ, ఆ తేడాతోనే ఆయిల్‌ను పీల్చి తోస్తుంది. లక్షన్నర కిలోమీటర్ల దగ్గరికి వచ్చిన పంపు అది. పళ్ల మీద గోరు గీస్తే ఎక్కడా తగల్లేదు, సందు కొలిచే ఫీలర్ గేజీ పెట్టి చూసినా సందు హద్దులోనే ఉంది. ఒత్తిడి మితిమీరితే వదిలేసే రిలీఫ్ వాల్వును బొటనవేలితో నొక్కితే సాఫీగా కదిలింది. ఆ లోహం మెరుపు చూసి నాకు నిజంగా కళ్లు చెమర్చాయి. స్ట్రైనర్ గొట్టం అతుకు దగ్గర గట్టిపడిన రబ్బరు ఓ-రింగు మాత్రం మార్చాడు, అక్కడ గాలి పీలిస్తే మళ్లీ ఇదే కథట. బిగించే ముందు పంపు నిండా ఆయిల్ పోశాడు. ఇంజిన్ అందుకోకుండా, ముల్లు కదిలేదాకా సెల్ఫ్ మాత్రమే కొట్టించాడు. ఇప్పుడు వేడి మీద ఐడిలింగులో 1.3 బార్. అదే గేజీని డాష్‌బోర్డు కింద శాశ్వతంగా పెట్టించుకున్నాను.

కారు కొన్న మూడో ఏట "పదిహేను వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మారిస్తే చాలు, ఇంకేమీ అడగదు" అని బంధువులందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు అలాగే అనలేను. నెలకు రెండుసార్లు కొండెక్కుతాను, మిగతా రోజుల్లో ఊళ్లోనే మూడు నాలుగు కిలోమీటర్లు. ఈ వాడకానికి ఏడున్నర వేలకే మారుస్తున్నాను. హైవే మీద చెన్నై వెళ్లివచ్చేవారికి కంపెనీ ఇచ్చిన పుస్తకంలోని గడువే సరిపోవచ్చు.

మా బావమరిది ఇదే మోడల్ పాత బండి చూస్తున్నాడు. ఇంజిన్ వరకు నాకు అభ్యంతరం లేదు, గేజీ ఖర్చు కలుపుకుని బేరమాడమన్నాను. కొనేముందు కిందికి దూరి, టార్చి వేసి సంపు అంచు చూడమని కూడా చెప్పాను. సిలికాన్ బయటికి ఎంత ఉబికిందో లోపలికీ అంతే ఉబికి ఉంటుందని ఆ పెద్దాయన అన్నాడు.