చెరువు గట్టు నుంచి క్లౌడ్ దాకా: సింక్రనస్ రెప్లికేషనా, అసింక్రనస్సా?

కావలి దగ్గర రొయ్యల చెరువు గట్టున చిన్న కంప్యూటర్, నెల్లూరు ఆఫీసులో సర్వర్, పైన క్లౌడ్. మూడుచోట్లా పోస్ట్‌గ్రెస్ డేటాబేసే. ఒకచోట రాసింది మరోచోటికీ కాపీ కావాలి, రెప్లికేషన్ అంటే అదే. వీటిని ఎలా కలపాలి?

సింక్రనస్: అవతలి సర్వర్ "రాసుకున్నా" అనేదాకా ఇక్కడ కమిట్ (రాసినది ఖరారు కావడం) పూర్తి కాదు.
అసింక్రనస్: ఇక్కడ రాసేస్తుంది, అవతలికి తర్వాత చేరుతుంది.

ఖర్చు: మొదటిదానికి నమ్మకమైన రెండు నెట్ లైన్లు, అదనపు స్టాండ్‌బై (కాపీ ఉంచే మరో సర్వర్) కావాలి. రెండోదానికి 4జీ సిమ్ చాలు.

రిస్క్ దగ్గరే అసలు తేడా. మేం మొదట చెరువు దగ్గర కూడా సింక్రనస్ పెట్టాం. ఒక వానరాత్రి నెట్ పోయింది, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కదా, సరిగ్గా అప్పుడే రీడింగులు రాయడం ఆగిపోయింది, ఏరేటర్ (నీళ్లలోకి గాలి పంపే యంత్రం) వేయమనే అలారం మోగలేదు. ఆ టెన్షన్ మళ్లీ వద్దు.

అసింక్రనస్‌లో సర్వర్ హఠాత్తుగా పోతే చివరి మార్పులు పోవచ్చు. ఇంకోటి, నెట్ లేనంతసేపూ రెప్లికేషన్ స్లాట్ (అవతలికి ఎంతవరకు చేరిందో గుర్తుపెట్టుకునే ఏర్పాటు) ఇంకా చేరని మార్పుల లాగ్ ఫైళ్లను పట్టుకునే ఉంటుంది, డిస్క్ నిండిపోవచ్చు. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి దీనికి హద్దు పెట్టొచ్చు, కానీ హద్దు దాటితే కాపీ మళ్లీ మొదటి నుంచీ తీయాల్సి రావచ్చు.

శ్రమ: అసింక్రనస్‌లో ఒకే వరుసను రెండుచోట్ల మారిస్తే గొడవ, కాబట్టి ఏ టేబుల్ ఎక్కడ రాయాలో ముందే తేల్చుకోండి.

సెన్సర్ రీడింగులు, మేత లెక్కలకు అసింక్రనస్. రైతుల చెల్లింపులకు మాత్రం దగ్గర దగ్గరగా ఉన్న సర్వర్ల మధ్య సింక్రనస్సే, అదీ రెండు స్టాండ్‌బైలతో, ఒకటి పడినా పని ఆగకుండా.