జిత్తెను వెతుక్కుంటూ టోక్యో, తకయామ

జపాన్‌లో ఎడో కాలపు (1603–1868) రక్షకభటులు చేతబట్టిన ఇనుప లాఠీ ‘జిత్తె’ను దగ్గరగా చూడాలనుకునేవారు టోక్యోలో ముందుగా మెయిజి విశ్వవిద్యాలయ మ్యూజియానికి వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. ఒచనోమిజు స్టేషన్ నుంచి కొద్ది నిమిషాల నడక, శాశ్వత ప్రదర్శనకు రుసుము లేదు. నేలమాళిగలోని నేరచరిత్ర విభాగంలో కనిపించే జిత్తెకు పదునన్నది లేదు. ఇనుప కడ్డీ, పిడికి కాస్త పైన పక్కకు వంగిన ఒక కొక్కెం, అంతే. కత్తి దూసిన మనిషిని సైతం ప్రాణాలతో పట్టి విచారణకు నిలబెట్టాలన్న ఉద్దేశం ఆ రూపంలోనే తెలుస్తుంది. పక్కనే ఉన్న ‘సొదెగరామి’ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది. పొడవాటి కర్ర చివరి కొక్కేలు నిందితుడి దుస్తులకు తగులుకుంటే, వాటికి దిగువన కర్ర చుట్టూ దించిన ఇనుప ముళ్లు అతడు దాన్ని పట్టుకుని లాగేసుకోకుండా చేస్తాయి. మనిషిని కర్ర చివరి పంగలో ఇరికించి అదిమిపెట్టే ‘ససుమాత’నైతే జపాన్ పాఠశాలల్లో నేటికీ ఆగంతకుల నుంచి రక్షణకు ఉంచుతున్నారు. అదే విభాగంలో తల నరికే యంత్రం గిలెటిన్ నమూనా కూడా ఉంది కనుక చిన్నపిల్లలను తీసుకువెళ్లేవారు ఆలోచించుకోవాలి.

బసకు టోక్యోలోని హచ్చోబోరి ప్రాంతం అనుకూలం. నగర పాలనాధికారి కింద పనిచేసిన యొరికి, దోషిన్ అనే పోలీసు ఉద్యోగుల నివాసాలు ఒకప్పుడు ఇక్కడే ఉండేవి; నాటి చెరసాల ఉన్న కొదెన్మచో కూడా ఇదే హిబియా మెట్రో లైన్‌లో మూడో స్టేషన్. మేము దిగిన హోటల్ గది పెట్టె తెరిచే చోటు లేనంత ఇరుకు, అయినా శుభ్రతకు వంక పెట్టలేము. సామాను మా తర్వాతి మజిలీ అయిన తకయామ పట్టణానికి కొరియర్‌లో పంపే పని సిబ్బంది ఓపికగా చేసిపెట్టారు. చేపల రసం కలవని భోజనం దొరకడం శాకాహారులకు కష్టమే. కయబచోలో తోజాయ్ లైన్‌కు మారి, భారతీయులు ఎక్కువగా నివసించే నిషి-కసాయ్‌కు వెళ్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

తకయామకు నగోయా మీదుగా రైలులో వెళ్లాలి. ప్రయాణం పొడవే గానీ, 1692లో తకయామ ఉన్న హిద ప్రాంతం షోగున్ (సైనిక పాలకుడు) ప్రత్యక్ష పాలనలోకి వచ్చాక కార్యాలయంగా నడిచిన ‘తకయామ జిన్యా’ను చూశాక ఆ శ్రమ గుర్తుండదు. మ్యూజియంలో అద్దం వెనుక చూసిన పనిముట్లు ఎలాంటి వ్యవస్థకు చెందినవో ఇక్కడి విచారణ స్థలం ముందు నిలబడితేనే అర్థమవుతుంది: అధికారులు ఎత్తులో, నిందితులు కింద, పక్కన హింసించడానికి వాడిన బరువైన రాతి పలకలు. చెప్పులు సంచిలో వేసుకుని చాపల గదుల్లో తిరగాలి. చలికాలంలో మందపాటి మేజోళ్లు తప్పనిసరి. పిల్లలున్న కుటుంబాలకు నిక్కో సమీపంలోని ఎడో వండర్‌ల్యాండ్ వినోద పార్కు ఉత్సాహంగా ఉంటుంది, కానీ అది కొత్తగా కట్టిన ఊరు. రోజు తక్కువైతే నేను జిన్యానే ఎంచుకుంటాను.