గట్టిగా నొక్కితేనే పడే కారు డిక్కీ: రబ్బరు మార్చి రెండు వానాకాలాలు వాడాక

సెడాన్ డిక్కీ మూయడానికి ఒళ్లంతా వాల్చి నొక్కాల్సి వస్తే చాలామంది ముందు లాక్‌నే అనుమానిస్తారు. చెన్నైలో మేం చూపించిన మొదటి షాపూ లాక్ మార్చాలనే చెప్పింది. మేం మార్చలేదు. డిక్కీ అంచు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మార్పించి, మూత ఆనే బఫర్లు (చిన్న రబ్బరు దిమ్మలు) సరిచేయించాం. రెండు వానాకాలాలు గడిచాయి. ఇప్పుడు మా అమ్మ కూరగాయల సంచి ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో డిక్కీ వేసేస్తోంది.

అసలు గొడవంతా రబ్బరుతోనే మొదలైంది. పాత బీడింగ్ ఎండకు పగిలిపోతే, మీటరు లెక్కన అమ్మే రబ్బరు వేశారు. కంపెనీ బీడింగ్ లోపల బోలుగా ఉంటుంది, నొక్కితే అణుగుతుంది. మీటరు రబ్బరు మందం, పైగా గట్టి. మూతలోని లాక్, కింద బాడీకున్న కొండీని పట్టుకునేలోపే రబ్బరు మూతను పైకి తోసేది.

దీన్ని కనిపెట్టింది చెన్నై పాడి ప్రాంతంలో ఉన్న నెల్లూరు మెకానిక్. డిక్కీ తెరిచి ఉండగానే స్క్రూడ్రైవర్‌తో లాక్ నాలుకను నొక్కాడు. టక్కున పడింది. లివర్ లాగితే వెంటనే వదిలేసింది. (ఇలా చూసేవాళ్లు లాక్‌ని మళ్లీ తెరిచాకే మూత దించాలి. లేకపోతే లాకే దెబ్బతింటుంది.) తర్వాత కాగితం ముక్క రబ్బరు మీద పెట్టి, డిక్కీ మూసి లాగాడు. మూలల్లో రబ్బరు బిగుతుకి కాగితం చిరిగింది, లాక్ పక్కన మాత్రం జారి వచ్చేసింది. "లాక్ బానే ఉంది సార్. రబ్బరే ఎదురు తోస్తోంది" అన్నాడు.

మా మోడల్‌కి సరిపోయే ఒరిజినల్ బీడింగ్ చెన్నైలో కారు విడిభాగాలు అమ్మే జీపీ రోడ్డులో దొరికింది. మీటరు రబ్బరుతో పోలిస్తే ఖరీదు బాగా ఎక్కువే, కానీ పెట్టిన ప్రతి రూపాయీ దక్కింది. కొత్తలో ఇదీ కాస్త బిగుతుగానే ఉంటుంది. కొన్నాళ్లు మూసి ఉంచితే అణిగి సర్దుకుంటుంది, కంగారుపడి కోయనక్కర్లేదు.

మూత రెండు అంచుల్లో ఉండే రబ్బరు బఫర్లను కుడివైపు తిప్పితే లోపలికి దిగుతాయి. రెండువైపులా సమానంగా, అరచుట్టు చొప్పున తిప్పి చూడాలి. మరీ దించేస్తే స్పీడ్ బ్రేకర్ల మీద మూత లొడలొడలాడుతుంది.

కొండీని పైకి జరిపే పని మాత్రం ముందే చేయనివ్వకండి. డిక్కీ తేలిగ్గా పడుతుంది కానీ రబ్బరు సరిగ్గా నొక్కుకోదు. వానకి స్టెప్నీ గుంటలో నీళ్లు చేరతాయి. సైలెన్సర్ పొగ కూడా లోపలికి వస్తుంది, పిల్లలు వెనక సీట్లో కూర్చునే కారులో ఇది చిన్న విషయం కాదు. జరపక తప్పకపోతే బోల్టులు వదులు చేసే ముందు కొండీ చుట్టూ మార్కర్‌తో గీత గీయించండి.

ఇక నూనెల సంగతి. స్ప్రే ఆయిల్ నిలవలేదు. చెన్నై ఉప్పుగాలికి త్వరగా ఆరిపోయి, దుమ్ము పట్టి లాక్ మళ్లీ బరువెక్కేది. లాక్‌ని శుభ్రంగా తుడిచి తెల్ల లిథియం గ్రీజు రాస్తే చాలాకాలం ఉంటోంది. రబ్బరుకి సిలికాన్ గ్రీజు ఒక్కటే. ఇంజన్ ఆయిల్, పెట్రోలియం జెల్లీ లాంటివి రాస్తే రబ్బరు ఉబ్బి డిక్కీ మళ్లీ మొదటికొస్తుంది. అక్టోబరు వానలకు ముందు ఒకసారి పట్టిస్తే, మధ్యాహ్నపు ఎండలో రబ్బరు పెయింట్‌కి అతుక్కుపోవడం కూడా తగ్గింది.

ఖర్చు పెట్టే ముందు ఒక డోరు తెరిచి ఉంచి డిక్కీ వేసి చూడండి. అప్పుడు తేలిగ్గా పడితే, లోపలి గాలి బయటికి పోయే దారి మూసుకుపోయి ఉండొచ్చు. చాలా కార్లలో ఆ గాలి దారికి ఉండే రెక్కలు వెనక బంపర్ లోపల ఉంటాయి, మెకానిక్‌ని ముందు అవి చూడమనండి.