పెడళ్ళు లేని బండి వెంట మన్‌హైమ్ దాకా

సైకిలు పుట్టిన దారిలోనే సైకిలు తొక్కాలన్నది నా ఎన్నో ఏళ్ళ కోరిక. ఈ జూన్‌లో జర్మనీ వెళ్ళినప్పుడు పెద్ద నగరాలన్నీ పక్కనపెట్టి మన్‌హైమ్‌లో రెండు రోజులు, కార్ల్‌స్రూహేలో ఒక పూట గడిపాను.

1817 జూన్ 12న కార్ల్ డ్రైస్ అనే అటవీ అధికారి రెండు చక్రాల చెక్క బండి ఎక్కి, మన్‌హైమ్ నుంచి ష్వెట్సింగెన్ రోడ్డు మీదున్న మజిలీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. అక్కడ ప్రయాణికుల గుర్రాలను మార్చేవారు. రానూపోనూ సుమారు 14 కిలోమీటర్లు, గంట కూడా పట్టలేదు. ఆ బండికి పెడళ్ళు లేవు, గొలుసు లేదు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ సాగిపోవడమే.

ముందుగా టెక్నోసియం మ్యూజియానికి వెళ్ళండి. సైకిలు మీద ఆసక్తి ఉంటే ఒక పూట పూర్తిగా పడుతుంది. అక్కడున్న డ్రైస్ బండి నమూనా దగ్గరే నాకు గంట గడిచిపోయింది. అసలు బండి బరువు 22 కిలోలు. అంటే మన ఊళ్ళలో పాలక్యాన్లు మోసే సైకిలు బరువంతే. ఇరుసులకు రాపిడి తగ్గించే ఇత్తడి బుష్షులు వేశారు. వెనక చక్రానికి బ్రేకు ఉంది, తాడు లాగితే పడుతుంది. కూర్చునేవాడి ఛాతీకి ఎదురుగా, మోచేతులు ఆనించుకోవడానికి మెత్త కుట్టిన పలక ఒకటి ఉంది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ పలకే. బండి పక్కకు ఒరగకుండా కాసుకోవడానికి డ్రైస్ దాన్ని పెట్టాడు.

అంతకు కొన్నేళ్ళ ముందే ఆయన మనుషులే నడిపే నాలుగు చక్రాల బండి తయారుచేశాడు. అది పడిపోదు, కానీ బరువు, శ్రమ ఎక్కువ. అందులోంచి రెండు చక్రాలు తీసేసి, మిగిలిన రెండింటిని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, ముందుదాన్ని తిప్పుకుంటూ పోతే మనిషి పడిపోడని నమ్మాడు చూడండి, సైకిలు పుట్టింది అక్కడే అంటాను నేను. ముందు చక్రానికి పెడళ్ళు బిగించింది 1860ల నాటి పారిస్‌లో. అది గొప్ప మెరుగే, కానీ పుట్టుక మాత్రం కాదు. గంటకింత అని అద్దె సైకిలు తెచ్చుకుని నేర్చుకున్న మనకెవరికైనా ఇది తెలుసు. మొదట వచ్చేది తొక్కడం కాదు, పడకుండా ఉండడం.

1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆకాశంలో కమ్మిన పొర ఎండను అడ్డుకోవడంతో మరుసటి ఏడాది యూరప్‌లో ఎండాకాలమే రాలేదు. పంటలు పోయి, గుర్రాలకు మేతగా వేసే ఓట్స్ ధాన్యం ప్రియమై, గుర్రాలను మేపలేని పరిస్థితే ఈ బండికి కారణమని కొందరు చరిత్రకారులు అంటారు. ఇందులో నిజమెంతో గానీ, మజిలీ రోడ్డు మీద నిలబడితే ఆ మాట గుర్తుకు రాక మానదు.

రెండోరోజు సైకిలు అద్దెకు తీసుకుని అదే దిక్కున బయలుదేరాను. మొదట ఇచ్చిన సైకిలుకు వెనక బ్రేకు పట్టడం లేదు. చెబితే మార్చారు గానీ అరగంట పోయింది, కాబట్టి తీసుకునేటప్పుడే తొక్కి చూసుకోండి. మజిలీ ఉన్న ప్రాంతం ఇప్పుడు రైనావు అనే శివారు పేట. చూడటానికి పెద్దగా ఏమీ లేదు, అయినా ఈ దారి మానుకోవద్దు. డ్రైస్ కాలంలో గుర్రపుబళ్ళ గాడులు పడిన రోడ్ల మీద సాగలేక జనం కాలిబాట ఎక్కితే, అదే ఏడాది డిసెంబరులో మన్‌హైమ్ కాలిబాట మీద ఈ బండి నడపడాన్ని నిషేధించింది. ఇప్పుడు చాలాచోట్ల సైకిళ్ళకు విడిగా దారి ఉంది. ష్వెట్సింగెన్ కోట తోట బాగుంటుంది, కానీ ఓపిక మిగిలితేనే.

బస స్టేషను దగ్గర. గది శుభ్రం, ట్రాముల చప్పుడు తెల్లవారుజాము నుంచే. అల్పాహారం అద్దెలోనే అని చెప్పి, ఖాళీ చేసేటప్పుడు విడిగా వసూలు చేశారు. ముందే కాగితం మీద రాయించుకోవాల్సింది.

కార్ల్‌స్రూహే రైలులో అరగంట దూరం. 1785లో డ్రైస్ పుట్టింది, 1851లో పేదరికంలో పోయింది అక్కడే. 1849లో రాచరికం మీద జరిగిన విప్లవంలో బారన్ అనే ప్రభువంశ బిరుదు వదులుకుని మామూలు పౌరుడిగా పేరు రాసుకున్నందుకు ఆయన పింఛను కూడా పోయింది. 1893లో జర్మన్ సైకిలిస్టులు ఆయనకు స్మారకం కట్టించారు. స్టేషను నుంచి నడిచే వెళ్ళవచ్చు. నేను వెళ్ళేసరికి ఆ వీధిలో ఒక చిన్నపిల్ల పెడళ్ళు లేని చిన్న సైకిలు మీద నేలను తన్నుకుంటూ వచ్చి, వాలు తగలగానే రెండు కాళ్ళూ పైకెత్తేసింది.