ఆర్మీ వాచీలు: ఏళ్ల తరబడి కట్టుకున్నాక నా మాట

వెనక బాణం గుర్తు (ప్రభుత్వ సొత్తని చెప్పే ముద్ర) ఉన్న వాచీ కొంటే దాంతోపాటు ఒక సైనికుడి కథ కూడా చేతికొస్తుందని అనుకునేవాళ్లు ఇది చదివితే కొంత డబ్బు మిగులుతుంది. నేనుండేది తిరుపతిలో. పాత మిలిటరీ వాచీలు కొంటాను, కొన్నవన్నీ కట్టుకుంటాను, బీరువాలో పెట్టి తాళం వేసే రకం కాదు. చెమటలో, దుమ్ములో, బండి మీద రేణిగుంట దాకా రోజూ పోయి వచ్చే తిప్పలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నదే ఇక్కడ రాస్తున్నా. ఇప్పుడు చేతిమీద తిరుగుతున్నవి మూడు: హామిల్టన్ డబ్ల్యూ10, వెస్ట్ ఎండ్ సోవార్, హెచ్‌ఎంటీ జవాన్. మిగతావి వచ్చాయి, పోయాయి.

హామిల్టన్ సంగతి ముందు చెప్తా, అందరూ అడిగేది దాని గురించే గనక. 1973 నుంచి 1976 దాకా బ్రిటిష్ సైన్యానికి ఇచ్చిన రకం. నల్ల డయల్, తెల్ల అంకెలు, సైజు చిన్నది. ఇప్పటి పెద్ద వాచీలకి అలవాటు పడ్డవాళ్లు చూసి ఇది ఆడవాళ్లదా అంటారు, అననీ. క్రౌన్ (పక్కన ఉండే కీ ఇచ్చే బొడిపె) బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగిపోతుంది. సైన్యం దీన్ని షోకు కోసం అడగలేదు, పది మంది ఒకేసారి కదలాలంటే పది వాచీలూ ఒకే సెకను చూపించాలి గదా. దీనికి వెనక మూత లేదు. ఒకే ముక్క స్టీలు కేసులో మెషిన్ కూర్చుని ఉంటుంది, అద్దం తీసి ముందువైపు నుంచి బయటికి తీయాలి, క్రౌన్ కాడ కూడా రెండు ముక్కలుగా విడిపోయే రకం. ఈ సంగతి తెలియని రిపేరాయన చేతికిస్తే కత్తి తీసుకుని వెనకంతా గీకుతాడు, కాబట్టి ఇచ్చేముందే చెప్పండి, కుదిరితే స్టూలు లాక్కుని ఆయన ఎదురుగానే కూర్చోండి.

స్ట్రాప్ దూర్చే కడ్డీలు కేసుకే అతికించి ఉంటాయి, ఊడి రావు. పరుగులో పిన్ను ఎగిరిపోయి వాచీ పడిపోకూడదని అలా చేశారు. మంచి ఆలోచనే గానీ గాంధీ రోడ్డులో ఏ అంగడిలోనూ దీనికి మామూలు తోలు స్ట్రాప్ ఎక్కదు, నైలాన్ పట్టీ ఒకటే దారి. అది మే నెలలో వారానికోసారి సబ్బుతో ఉతక్కపోతే పక్కన కూర్చున్నవాళ్లు లేచి పోతారు.

ఇక వెనక రాతలు. బాణం అంటే బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు అని. డబ్ల్యూ10 అంటే సైన్యం, 6బీబీ అంటే వైమానిక దళం, 0552 అంటే నౌకాదళం. 6645 అనేది నేటో సామాన్ల జాబితాలో టైం కొలిచే పరికరాల తరగతి, 99 బ్రిటన్ నంబరు. చివర్లో వరస నంబరు, సంవత్సరం. అంతే, మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఎందుకుండాలి? వాచీ ఆయనది కాదు. స్టోరులో సంతకం పెట్టి తీసుకుంటాడు, పని అయ్యాక తిరిగి ఇచ్చేస్తాడు, చెడిపోతే వర్క్‌షాపుకి పోతుంది, బాగైతే ఇంకొకరి చేతికి పోతుంది, చివరికి పాత సామాన్ల కింద అమ్ముడుపోతుంది. ఎన్ని చేతులు మారిందో ఆ ఉక్కుకి తెలియదు.

బెంగళూరు సండే బజార్‌లో ఒకాయన ఇలాంటిదే ఒకటి చూపించి, ఇది 1982లో ఫాక్లాండ్స్ యుద్ధానికి పోయొచ్చింది సార్ అని, ఆ ఒక్క మాటకే రేటు రెండింతలు చెప్పాడు. పోయుండొచ్చు. ఇంగ్లండ్‌లో ఏదో ఆఫీసు గుమాస్తా చేతి మీద ఉన్నా ఉండొచ్చు. రుజువేది అంటే, ముఖం చూసి నమ్మాల సార్ అన్నాడు. నేను టీ తాగి వచ్చేశా.

ఇంతకన్నా పెద్ద కథలు రెండో ప్రపంచ యుద్ధం వాచీల చుట్టూ అల్లుతారు. బ్రిటిష్ రక్షణ శాఖ 12 కంపెనీల చేత ఒకే కొలతల ప్రకారం చేయించిన వాచీలున్నాయి, బ్యూరెన్, సీమా, ఎటర్నా, గ్రానా, ఐడబ్ల్యూసీ, జేగర్ లీకూల్ట్ర్, లెమానియా, లాంజిన్స్, ఒమేగా, రికార్డ్, టైమోర్, వెర్టెక్స్. వీటి వెనక మూడు డబ్ల్యూలు ఉంటాయి. పన్నెండూ పోగు చేయాలని ఆస్తులు అమ్ముకునేవాళ్లున్నారు, గ్రానా దగ్గరే చాలామంది ఆగిపోతారు, అది అంత అరుదు. అయితే అవి చాలావరకు 1945లో సైన్యానికి అందాయి. నార్మండీలో సైన్యం దిగింది 1944 జూన్‌లో. కాబట్టి నార్మండీ తీరంలో దిగిన వాచీ అని ఎవరైనా ఈ రకం చూపిస్తే క్యాలెండర్ చూసుకోమనండి. డయల్ ఒరిజినలా అన్న గొడవ కూడా వీటి విషయంలో వేరేగా ఉంటుంది. మొదట చీకట్లో వెలిగే రేడియం (రేడియోధార్మిక పదార్థం) రంగు పూసిన డయల్స్ ఉండేవి, తర్వాత సైన్యమే చాలా వాటికి డయల్ మార్చి అలాగే వెలిగే ట్రిటియం పూసినవి వేయించింది, అందుకే కొన్నిటి మీద సున్నాలో టీ అక్షరం కనిపిస్తుంది. మార్చింది సైన్యమే అయితే నాకు అది లోపం కాదు, ఆ వాచీ బతుకులో ఒక భాగం. బజారులో ఎవడో కుంచెతో మార్చితే అది వేరే సంగతి.

రేడియం మాట వచ్చింది కాబట్టి ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. పాత డయల్ చీకట్లో వెలగడం లేదంటే అందులో రేడియం చచ్చిపోయిందని కాదు. వెలుగునిచ్చే పొడి పాడైపోతుంది, రేడియం మాత్రం అలాగే ఉంటుంది, సగం తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. ట్రిటియం అయితే 12 ఏళ్లకి కాస్త పైగా. చేతికి కట్టుకోవడం కన్నా మూత తీసి ఆ పొడి రాలగొట్టి ఊదడం, గీకడం ప్రమాదం. అమెరికాలో ఈ రంగు పూసిన అమ్మాయిలు కుంచె కొన సన్నగా రావాలని పెదాలతో సరిచేసుకుని దవడ ఎముకలు కుళ్లి చనిపోయిన చరిత్ర ఉంది. మన రిపేరు అంగళ్లలో డయల్ తీసి ఉఫ్ అని ఊదడం అలవాటు గదా, అక్కడ మొహమాటం వద్దు, ఊదొద్దు సామీ అని చెప్పేయండి. నేను రేడియం డయల్ ఉన్నవి కొనడం మానేశాను, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

వెస్ట్ ఎండ్ సోవార్ మీద నాకు ప్రేమ ఎక్కువ, నమ్మకం తక్కువ. కంపెనీ స్విస్‌దే గానీ మొదలైంది 1886లో బొంబాయిలో, వాచీ పేరే గుర్రపు సైనికుడి పేరు. జీతంలోంచి డబ్బు పెట్టి మన సైనికులు చాలామంది సొంతంగా కొనుక్కున్న వాచీలు ఇవి. అలా కొన్నది స్టోరుకి తిరిగిచ్చేది ఉండదు, ఇంటికే వస్తుంది. అందుకే కథ దొరికే అవకాశం బాణం గుర్తున్న వాటికన్నా వీటికే ఎక్కువ అని నా లెక్క. రెండో ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మంది మనవాళ్లు పనిచేశారు, బర్మా, ఇటలీ, ఆఫ్రికా ఎడారి అన్నిచోట్లా. వాళ్ల చేతుల మీద ఏమున్నాయో ఏ వేలం పుస్తకంలోనూ రాయరు, ఇంట్లో ముసలమ్మని అడిగితే చెప్తుంది. తంటా ఏమిటంటే బజారులో దొరికే సోవార్‌లలో ఎక్కువ శాతం డయల్ మళ్లీ పెయింట్ చేసినవే. భూతద్దం పెట్టి చూడండి: నిమిషాల గీతలు అంకెలకి ఎదురుగా సరిగ్గా ఉండవు, అక్షరాల అంచులు ఒలికినట్టు ఉంటాయి, మధ్యలో ముళ్లు దూరే రంధ్రం చుట్టూ రంగు ఉబ్బి ఉంటుంది. నా దాని డయల్ మసకబారి, మచ్చలు పడి ఉంది, దాన్ని అలాగే ఉంచా. నడక మాత్రం దాని ఇష్టం. చలికాలం ఒక లెక్క, ఎండాకాలం ఇంకో లెక్క. బస్సు పట్టుకోవాల్సిన రోజు కట్టుకోను.

జవాన్ సంగతి వేరు. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది, తర్వాత తుమకూరులోనూ పెట్టారు, 2016లో వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్రం ఒప్పుకుంది. జవాన్ కీ ఇచ్చే వాచీ, 17 జ్యువెల్స్ (మెషిన్ అరగకుండా లోపల పెట్టే చిన్న రాళ్లు). పొద్దున్నే పళ్లు తోముకునేటప్పుడు కీ ఇస్తే మర్నాటి దాకా ఢోకా లేదు. రోజుకు అర నిమిషం అటూ ఇటూ, అంతకన్నా నాకు అక్కర్లేదు. నీళ్లు తగలకూడదు. అలిపిరి మెట్లెక్కే రోజు చొక్కా జేబులో వేసుకుంటా, చేతికుంటే గాలిగోపురం వచ్చేలోపే చెమట లోపలికి పోయి అద్దం మసకేస్తుంది. స్పేర్ పార్ట్స్ అంటే ఇంకో చచ్చిన హెచ్‌ఎంటీయే. అందుకే నడవని హెచ్‌ఎంటీలు తక్కువలో దొరికితే వదలను.

ఇప్పుడు జవాన్ పేరుతో ఎరుపు, పచ్చ, నీలం డయల్స్ వేసి, మిలిటరీ అని పెద్ద అక్షరాలు రాసి ఆన్‌లైన్‌లో కుప్పలు కుప్పలుగా అమ్ముతున్నారు, సీజన్లో దామలచెరువు మండీకొచ్చే మామిడికాయలకైనా లెక్కుంటుంది గానీ వీటికి లేదు. లోపల మెషిన్ అసలుదే అయ్యుండొచ్చు, కట్టుకోవడానికి బాగానే ఉంటుంది, సరదాకి కొనుక్కోండి. చరిత్ర అని మాత్రం కొనొద్దు. వెనక బాణం కొత్తగా చెక్కి ఉంటే తెలిసిపోతుంది, చుట్టూ మూత అరిగిపోయి బాణం అంచులు మాత్రం నిన్న చెక్కినట్టు పదునుగా ఉంటాయి.

నా జవాన్ ఇచ్చినాయన పుత్తూరు దగ్గర ఒక పల్లెలో ఉంటాడు, ఆర్టిలరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. ముందు ఆయన కొడుకు పరిచయం. మా నాయన 1971 యుద్ధంలో కట్టుకున్న వాచీ అన్నా, డయల్ లోపలి వైపుకి పెట్టుకునేవాడంట, అద్దం మెరిస్తే శత్రువుకి కనిపిస్తామని, అంటూ బాగా చెప్పాడు. పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. విని, "కథేముండాది సామీ, యుద్ధానికి పోయింది ఈ వాచీ గాదు. అది జమ్మూలో పోయింది. ఇది తర్వాత క్యాంటీన్లో కొంటి" అన్నాడు. కొడుకు ముఖం చూడాలి. పెద్దాయన లోపలికి పోయి రేకు పెట్టె తెచ్చాడు, అందులో డిశ్చార్జ్ బుక్, పెన్షన్ కాగితాలు, మడతల్లో చిరిగిన క్యాంటీన్ బిల్లు. తేదీ చూస్తే యుద్ధం అయిపోయిన చాలా ఏళ్ల తర్వాతది. ఆయన మాటే నిజం. పెట్టెలో 1971 యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్ కూడా ఉంది, అంచు తిప్పి చూస్తే నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉన్నాయి. పతకానికి పేరుంటుంది, వాచీకి ఉండదు, ఇంకెప్పుడైనా ఇలాంటి ఇంటికి పోతే ముందు పతకం అంచు చూడండి.

మరి ఈ వాచీ ఏం చేసింది అని అడిగితే అసలు కథ అప్పుడు చెప్పాడు. రిటైరయ్యాక ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని ఏళ్ల తరబడి నిలబడ్డాడు, రాత్రి డ్యూటీలో గంటకోసారి చుట్టూ తిరిగి రిజిస్టర్‌లో టైం రాసి సంతకం పెట్టాలి, ఆ టైం అంతా ఈ వాచీ చూసి రాసిందే. డయల్ లోపలి వైపుకి పెట్టుకునే అలవాటు మాత్రం నిజమే, సైన్యంలోంచి వచ్చిందే, కేసు అంచు ఒక పక్క ఎక్కువ అరగడానికి అదే కారణం, నిలబడి నిలబడి గేటు కమ్మీకి రాసుకుని. కొడుకు చెప్పిన యుద్ధం కథతో ఆ అరుగుదల నాకు ఎప్పటికీ అర్థమయ్యేది కాదు. వాచీ ఇస్తూ బిల్లు కూడా ఇచ్చాడు, డిశ్చార్జ్ బుక్ ఫోటో తీసుకోనిచ్చాడు గానీ పుస్తకం ఇవ్వలేదు, అది ఇవ్వకూడదు కూడా. ఆయన చెప్పింది నోట్‌బుక్‌లో రాసి చదివి వినిపించి కింద సంతకం పెట్టించుకున్నా. డబ్బు వద్దన్నాడు, మనవరాలి ఫీజుకి కట్టమంటే సరేనన్నాడు.

ఇంకో దారి చాలామంది అడుగుతారు, తిరుమల హుండీలో పడిన వాచీలు టీటీడీ వేలం వేస్తుంది గదా, అందులో మిలిటరీవి దొరకవా అని. వేలం నిజమే, ఆన్‌లైన్‌లో జరుగుతుంది, లాట్లుగా ఇస్తారు, వాడినవి, కొంచెం దెబ్బతిన్నవి కూడా ఉంటాయి. వ్యాపారానికి మంచిదే. మనలాంటివాళ్లకి దండగ, ఒక్క పాత హెచ్‌ఎంటీ కోసం సంచెడు క్వార్ట్జ్ (బ్యాటరీ) వాచీలు మోసుకురావాలి, పైగా మొక్కుకుని వేసినవాళ్లెవరో స్వామికే తెలియాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగితే హామిల్టన్‌తో మొదలుపెట్టొద్దంటా, తెప్పించుకుంటే కస్టమ్స్ పడుతుంది, పాడైతే ఇక్కడ చేసేవాళ్లు తక్కువ. గట్టిదనంలో, టైంలో మూడింట్లో అదే మేలు, అది ఒప్పుకోవాలి. సోవార్ కావాలంటే నాది అమ్ముతా, మచ్చలతో సహా. జవాన్ అడగొద్దు. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఎవరింట్లోనైనా సైన్యంలో చేసినాయన కట్టుకున్న పాత వాచీ ఉండి, బిల్లో డిశ్చార్జ్ బుక్కో తోడుంటే అమ్మాల్సిన పని లేదు, తెచ్చి చూపించి ఆయన చేత నాలుగు మాటలు చెప్పించండి, సర్వీసింగ్ ఖర్చు నేను పెట్టుకుంటా. నడవకపోయినా పర్వాలేదు. మూత మాత్రం మీరు తీయొద్దు.