లీటరుకు ఎన్ని యూనిట్లు? పెట్రోలు, ఎలక్ట్రిక్ కార్ల అసలు ఖర్చు

రెండు రకాల కార్లనూ ఏళ్ల తరబడి నడిపి, పోసిన ప్రతి లీటరూ ఎక్కించిన ప్రతి యూనిట్టూ రాసుకుంటూ వచ్చాక గట్టిగా చెప్పగలిగేది ఇది: డ్యాష్‌బోర్డు అంకెలతో ఈ రెంటినీ పోల్చకండి. ఎలక్ట్రిక్ కారు చూపించేది బ్యాటరీలోంచి ఎంత ఖర్చయిందన్నది. మీరు బిల్లు కట్టేది గోడలోంచి ఎంత లాగిందన్నదానికి.

ఆ తేడా ఛార్జర్‌ని బట్టి మారుతుంది. మామూలు ప్లగ్గులో 10 ఆంపియర్ల మీద పెడితే కారుకు అందేది 2.3 కిలోవాట్లు. ఛార్జింగ్ నడిచినంతసేపూ లోపలి కంప్యూటర్లు, కూలింగ్ పంపు పనిచేస్తూనే ఉంటాయి. వాటికే 200 నుంచి 300 వాట్లు పోతాయి, అంటే ఇంచుమించు పదో వంతు. అదే 32 ఆంపియర్ల ఛార్జర్‌తో 7.4 కిలోవాట్లు వస్తుంటే ఆ 300 వాట్లు నాలుగు శాతమే. గోడలోంచి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీ కరెంటుగా మార్చడంలో పోయేది దీనికి అదనం. ఇంటి ఛార్జర్‌తో మొత్తం నష్టం 10 నుంచి 15 శాతం అనుకోవచ్చు, చిన్న ప్లగ్గుతో ఇంకా ఎక్కువ. కారు లైనుకు విడిగా సబ్‌మీటర్ పెట్టించుకుంటే ఊహలతో పని ఉండదు.

పెట్రోలు మైలేజీకి ట్యాంక్ ఫుల్ లెక్కే నమ్మకం: ట్యాంకు నింపి, నడిపి, మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించడం. నాజిల్ మొదటిసారి దానంతటది కట్ అయినచోటే ఆపాలి. 40 లీటర్లలో 2 లీటర్లు అటూఇటూ అయినా 5 శాతం తేడా వస్తుంది కాబట్టి ఒక్క ట్యాంకు చాలదు, నాలుగైదింటి సగటు తీయాలి.

ఇప్పుడు అసలు లెక్క. పెట్రోలు కారు సిటీలో లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. అదే సైజు ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లకు 14 యూనిట్లు చూపిస్తే గోడ దగ్గర 16 అవుతుంది, అంటే యూనిట్‌కు 6.3 కిలోమీటర్లు. 12ను 6.3తో భాగిస్తే 1.9, అంటే ఒక లీటరు నడిపే దూరానికి 1.9 యూనిట్లు. లీటరు ధర యూనిట్ ధరకు 1.9 రెట్లు దాటితే ఎలక్ట్రిక్‌దే గెలుపు. ఇంట్లో ఛార్జ్ చేసుకునేవాళ్లకు ఇది చాలా తేలికైన గీత. సిగ్నళ్ల దగ్గర ఇంజిన్ ఊరికే తిరుగుతూ పెట్రోలు తాగుతుంది, మోటారు ఆగిపోతుంది. బ్రేకు వేసినప్పుడల్లా రీజెన్, అంటే కారు వేగాన్ని తిరిగి కరెంటుగా మార్చే ఏర్పాటు, కొంత బ్యాటరీకి వెనక్కి ఇస్తుంది కూడా.

హైవే ఎక్కగానే ఇదే లెక్క తిరగబడుతుంది. గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది (వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు), రీజెన్‌కు అవకాశం తగ్గుతుంది. 110 వేగంలో 100 కిలోమీటర్లకు 19 యూనిట్లు ఖర్చయితే ఫాస్ట్ ఛార్జర్ బిల్లులో అది 20 దాకా తేలుతుంది. పెట్రోలు కారేమో అదే రోడ్డు మీద లీటరుకు 18 ఇస్తుంది. ఇప్పుడు లీటరుకు సమానం 3.6 యూనిట్లు! ఫాస్ట్ ఛార్జర్ యూనిట్ ధర లీటరు ధరలో 3.6వ వంతు కన్నా ఎక్కువైతే పెట్రోలే చవక. కాబట్టి సిటీకీ హైవేకీ కలిపి ఒకే సగటు తీయడం తప్పు. నెలలో ఏది ఎన్ని కిలోమీటర్లో విడదీసి వేయండి.

కరెంటు బిల్లు స్లాబుల్లో వచ్చేచోట కారు యూనిట్లకు సగటు రేటు వేయకూడదు. కారు వల్ల అదనంగా చేరే యూనిట్లన్నీ పై స్లాబుల్లోనే పడతాయి, ఆ రేటే వేయాలి. రాత్రి రేటు తక్కువుంటే టైమర్ పెట్టుకోండి.

చలిలో చిన్న ట్రిప్పులు ఎలక్ట్రిక్‌కు బాగా ఖరీదు. 3 కిలోవాట్ల హీటర్ 20 నిమిషాలు తిరిగితే ఒక యూనిట్ అయిపోతుంది. 8 కిలోమీటర్ల ప్రయాణానికి పట్టేదే ఒకటింబావు! పెట్రోలు ఇంజిన్‌కు ఎలాగూ వృథాపోయే వేడే హీటర్‌కు సరిపోతుంది, అయితే చల్లటి ఇంజిన్ మైలేజీ కూడా పడిపోతుందని మరవొద్దు. హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లోపలికి లాగి తక్కువ కరెంటుతో వెచ్చబరిచేది) ఉన్న మోడల్‌లో ఈ దెబ్బ తక్కువ.

పార్కింగ్‌లో కారుకుండే కాపలా కెమెరాలు ఆన్‌లో ఉంచితే 200 వాట్ల చొప్పున రోజుకు 4.8 యూనిట్లు, అంటే కదలకుండానే 30 కిలోమీటర్ల కరెంటు. ఇంటి దగ్గర ఆపేయండి.

ఇంట్లో ఛార్జింగ్ కుదరక పూర్తిగా ఫాస్ట్ ఛార్జర్ల మీదే ఆధారపడేవాళ్లు లీటరుకు 25 ఇచ్చే హైబ్రిడ్‌తోనూ (పెట్రోలు ఇంజిన్‌కు తోడు ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉండే కారు) పోల్చి చూడాలి. దాని లీటరుకు సిటీలోనే సమానం దాదాపు 4 యూనిట్లు.