5ఎస్ కిట్ మొత్తం కొనాలా, టేపు ఒక్కటే చాలా?

హైదరాబాద్‌లోని బాలానగర్, చర్లపల్లి, జీడిమెట్ల షెడ్లలో ఆరేడు మెషిన్లతో జాబ్ వర్క్ చేసే యూనిట్లకు, కస్టమర్ ఆడిట్ ఉందనగానే 5ఎస్ (పనిచేసే చోటును సర్ది, శుభ్రంగా, ఒక పద్ధతిలో ఉంచే విధానం) గుర్తొస్తుంది. ఆ హడావుడిలో ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ 5ఎస్ కిట్ ఒకటి ఆర్డర్ పెట్టేస్తారు. అమ్మేవాళ్లను బట్టి కాస్త అటూఇటూ మారినా డబ్బాలో మామూలుగా ఉండేవి ఇవే: ఫ్లోర్ మార్కింగ్ టేపు రెండు మూడు రోల్స్, అక్కర్లేదనిపించిన వస్తువులకు కట్టే ఎర్ర ట్యాగుల కట్ట, టూల్స్ పెట్టుకోవడానికి రెండు రంగుల ఫోమ్ షీటు, లేబుళ్లకు ప్లాస్టిక్ పౌచ్‌లు, గోడకు ఒక పోస్టరు.

ముందే చెప్పేస్తే: ఫోమ్ పర్వాలేదు. ట్యాగులు మార్చుకోవాలి. పోస్టరు దండగ, తుడవాల్సిన వస్తువు ఇంకొకటి పెరుగుతుంది అంతే. టేపు మాత్రం కిట్‌లోది నమ్ముకోవద్దు, విడిగా కొనుక్కోండి. ఈ రివ్యూలో సగానికి పైగా టేపు గురించే ఉంటుంది. డబ్బూ చాకిరీ తలనొప్పీ మూడూ దానితోనే.

కిట్ టేపులు చాలావరకు పల్చటి పీవీసీ. మెషిన్ షాపులో మైక్రోమీటరు ఎలాగూ ఉంటుంది, ఒక ముక్క కత్తిరించి కొలిచి చూడండి. 0.13 నుంచి 0.18 మి.మీ. మధ్య వస్తే అది మనుషులు నడిచే చోటికి సరిపోయే టేపు, ట్రాలీ నడిచే చోటికి కాదు. 3ఎం వాళ్ల 471 కూడా 0.13 మి.మీ. మందమే, 33 మీటర్ల రోల్. బంక నాణ్యత బాగుంటుంది కాబట్టి ఇన్‌స్పెక్షన్ టేబుల్ చుట్టూ, స్టోర్ ర్యాకుల ముందు చక్కగా నిలుస్తుంది. హైడ్రాలిక్ ప్యాలెట్ ట్రక్ (సరుకు పేర్చిన ప్యాలెట్ పలకను ఎత్తి లాగే బండి) తిరిగే దారికి అదే కంపెనీ 971 లాంటి మందమైన రకం కావాలి, అది 0.43 మి.మీ. దాకా ఉంటుంది. ఖరీదు కొన్ని రెట్లు ఎక్కువ. ఇంకా మందంగా, అంచులు ఏటవాలుగా ఉండే గట్టి టేపులూ ఉన్నాయి. ఫోర్క్‌లిఫ్ట్ లేని షెడ్డుకు అవి అక్కర్లేదు.

మందంతో పాటు బంక రకం అడగండి. రబ్బరు బంక అతికించగానే పట్టేస్తుంది కానీ నూనెకూ వేడికీ మెత్తబడుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద, రోలింగ్ షట్టర్ గుండా ఎండ పడే చోట టేపు పక్కకు జారి అంచున నల్లగా జిగట తేలిందంటే జరిగింది అదే. ఆ జిగటకు బర్రు (లోహం కోసినప్పుడు రాలే) పొడి అంటుకుని నెల తిరగకముందే పసుపు గీత కాస్తా మసి గీత అవుతుంది. యాక్రిలిక్ బంక పూర్తి పట్టు రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుంటుంది, తర్వాత వేడికి తట్టుకుంటుంది. అందుకే శనివారం సాయంత్రం వేసి ఆదివారం వదిలేస్తే మంచిది. అతికించిన గంటకే ట్రాలీ ఎక్కిస్తే ఏ టేపయినా లేస్తుంది, తప్పు టేపుది కాదు.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. సికింద్రాబాద్ రాణిగంజ్ షాపుల్లో రెండు మూడు రకాలు ఒక్కో రోల్ చొప్పున తెచ్చి, 30 సెం.మీ. ముక్కలు మూడు చోట్ల అతికించండి: లేత్ ముందు కూలెంట్ (కోతను చల్లబరిచే ద్రవం) కారే చోట, ట్రాలీ మలుపు తిరిగే చోట, షట్టర్ దగ్గర ఎండలో. వారం తర్వాత చూడండి. అంచు లేచిందా, ముక్క పొడవు తగ్గిందా, నెమ్మదిగా లాగితే ఒకే ముక్కగా వస్తుందా, బంక గచ్చు మీద మిగులుతోందా? చివరి రెండూ ముఖ్యం. కొనేటప్పుడు అందరూ ఎంత గట్టిగా అతుకుతుందనే అడుగుతారు. ఎంత శుభ్రంగా ఊడుతుందో ఎవరూ అడగరు.

జాబ్ వర్క్ షెడ్డులో లేఅవుట్ స్థిరంగా ఉండదు. ఈ నెల వాల్వ్ బాడీలు, వచ్చే నెల ఫ్లాంజులు. బిన్ సైజు మారుతుంది, కొత్త మెషిన్ వస్తుంది, పాతది మూలకు జరుగుతుంది. కైజెన్ అంటే మారుస్తూ పోవడం కదా, మార్చలేని గీత గీస్తే అక్కడే ఆగిపోతుంది. ఇంటి ముందు ముగ్గు చెరిపి మళ్లీ వేసుకున్నంత తేలిగ్గా షాపులో గీత మారాలి. అందుకే మొదటి వారం టేపు కూడా వద్దు, సుద్దముక్కతో గీయండి. మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్లు దాన్ని తొక్కుతూ, చెరుపుతూ, 'ఇక్కడ కాదు సార్, ఇటు రెండడుగులు' అంటూ సరైన చోటు చూపిస్తారు. అది స్థిరపడ్డాక టేపు.

ఎపాక్సీ పెయింటు ఎక్కువ కాలం నిలుస్తుంది, నిజమే. కానీ గచ్చు కడగాలి, నూనె వదిలించాలి, పైపొర గీకాలి, రెండు భాగాలు కొలత ప్రకారం కలపాలి, కలిపిన పెయింటు డబ్బాలోనే గట్టిపడకముందే వాడేయాలి. పూర్తిగా గట్టిపడటానికి దాదాపు వారం. గచ్చు అడుగున చెమ్మ ఉంటే పొరలుగా లేచిపోతుంది. చెమ్మ తెలుసుకోవడానికి 45 సెం.మీ. చదరం ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో మూసి 16 గంటలు వదిలేయండి. అడుగున నీటి బొట్లు కనిపిస్తే, గచ్చు రంగు ముదిరితే పెయింటు ఆలోచన మానుకోవడమే. ఎప్పటికీ మారని గీతలకు మాత్రం పెయింటే సరి: మెయిన్ దారి, ఎమర్జెన్సీ డోర్ ముందు, ఎలక్ట్రికల్ ప్యానెల్ ముందు ఖాళీగా ఉంచాల్సిన కనీసం ఒక మీటరు జాగా. పసుపు కావాలంటే షాపువాడికి ఐఎస్ 5లో (పెయింటు రంగుల భారతీయ ప్రమాణం) 356 నంబరు గోల్డెన్ యెల్లో అని చెబితే తర్వాత టచప్ చేసినప్పుడు షేడు తేడా రాదు.

ఎంత టేపు పడుతుందో లెక్క వేసుకోకుండా కొనడం ఇంకో పొరపాటు. 12 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల పొడవున్న షెడ్డు, ఆరు మెషిన్లు అనుకుందాం. నడిమి దారికి రెండు వైపులా కలిపి 36 మీటర్లు. ప్రతి మెషిన్‌కు ముడిసరుకు ప్యాలెట్ ఒకటి, పూర్తయిన సరుకు ప్యాలెట్ ఒకటి, మొత్తం 12 చోట్లు. 1200 బై 1000 మి.మీ. ప్యాలెట్ చుట్టూ పూర్తి డబ్బా గీస్తే ఒక్కోదానికి 4.4 మీటర్లు, అంటే దాదాపు 53 మీటర్లు. అదే నాలుగు మూలల్లో 15 సెం.మీ. చేతులతో ఎల్ ఆకారం గుర్తులు పెడితే ఒక్కోదానికి 1.2 మీటర్లు, మొత్తం 14.4. మిగిలిన 38 మీటర్లు ఒక రోల్‌కు పైనే. అసలు లాభం వేరే ఉంది: ప్యాలెట్ లోపలికి తోసే వైపు గీత లేకపోతే చక్రం దాన్ని తొక్కదు, గీత చెడదు. గుర్తులు ప్యాలెట్ కొలత మీదే పెట్టకుండా నాలుగు వైపులా 50 మి.మీ. వదలండి. దారి వెడల్పు ప్యాలెట్ వెడల్పు (1000 మి.మీ.) కంటే రెండు వైపులా 300 మి.మీ. ఎక్కువ, అంటే 1.6 మీటర్లు ఉంటే ట్రక్ హాయిగా పోతుంది. టేపు 50 మి.మీ. వెడల్పుది చాలు, అమ్మేది చాలాచోట్ల 48 ఉంటుంది.

వేసే పద్ధతి. ముందు డీగ్రీజర్‌తో కడిగి, నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన తెల్ల గుడ్డతో రుద్దాలి, గుడ్డ నల్లబడటం ఆగేదాకా. డీజిల్‌తో తుడవడం మన షెడ్లలో అలవాటు. జిడ్డు పోయినట్టే కనిపిస్తుంది కానీ సన్నటి నూనె పొర మిగులుతుంది, టేపు దానిమీదే అతుకుతుంది, అంటే గచ్చుకు అతకదు. సుద్ద దారం కొట్టి గీత తీసుకుని, టేపును లాగకుండా పరుచుకుంటూ పోవాలి. చాలామంది గీత నిటారుగా రావాలని బిగించి లాగుతారు. సాగిన పీవీసీ నెమ్మదిగా వెనక్కి ముడుచుకుంటుంది, రెండు కొసలూ లేస్తాయి. అతుకుల దగ్గర ఒకదానిమీద ఒకటి ఎక్కించొద్దు, కొస కొస ఆనించి కోయండి. ఎక్కించిన చోట చీపురు, మాప్, చక్రం మూడూ తగులుతాయి. కొసలు గుండ్రంగా కోస్తే ఇంకా మేలు. చివరగా బరువైన రోలర్‌తో నొక్కాలి. లేదంటే నిండు ట్రాలీని టేపు మీద నిటారుగా ఒకసారి నడిపించినా సరిపోతుంది, తిప్పకూడదు.

తిప్పడమే టేపుకు శత్రువు. ట్రాలీ నిలబడిన చోటే చక్రం మెలి తిరిగితే ఎంత మంచి టేపయినా నలుగుతుంది. మలుపుల దగ్గర, దారి దాటే దగ్గర గీత ఆపేసి 100 మి.మీ. ఖాళీలతో తునకలుగా వేయండి. నైలాన్ చక్రాలు టేపును కోసేస్తాయి. వాటిని పాలీయురెథేన్ చక్రాలకు మార్చడం టేపు మార్చడం కన్నా చవక కావచ్చు, చప్పుడు కూడా తగ్గుతుంది.

రంగుల విషయంలో కిట్ పుస్తకాలు ఏడెనిమిది చెబుతాయి. చిన్న షెడ్డుకు నాలుగు చాలు: పసుపు దారికి, ఆకుపచ్చ పూర్తయిన సరుకుకు, ఎరుపు రిజెక్షన్‌కు, పసుపు నలుపు చారలు అడ్డు పెట్టకూడని చోటుకు. అంతకు మించితే ఎవరికీ గుర్తుండదు.

గీతలు వేశాక వారానికి మూడుసార్లు ఒకే ట్రాలీ గీత బయట కనిపిస్తే సూపర్‌వైజర్ మనిషిని తిడతాడు. తిట్టాల్సిన పని లేదు. ఆ చోటు చిన్నదై ఉండాలి, లేదా పూర్తయిన సరుకు పేరుకుపోయి ఇంకో ప్యాలెట్‌కు చోటు చాలక ఉండాలి. రెండోది అయితే సమస్య తర్వాతి మెషిన్ దగ్గర ఉంది, అక్కడికి వెళ్లి చూడాలి. డబ్బు పెట్టి గీతలు వేసుకునేది ఇలాంటివి కంటికి కనిపించడానికే.

ఇక ఫోమ్. అడుగున ఒక రంగు, పైన ఒక రంగు ఉండే 30 మి.మీ. షీటు. టూల్ తీస్తే కింది రంగు కనిపిస్తుంది, షిఫ్ట్ మారేటప్పుడు ఒక్క చూపుతో ఏది లేదో తెలుస్తుంది. ముందు అట్టముక్క మీద టూల్స్ అమర్చి రెండు మూడు సెటప్‌లు చేసి చూడండి. చక్ కీ, చక్ దవడల బోల్టులకు అలెన్ కీలు, ఇన్సర్టు (కోసే మొన) స్క్రూకు టార్క్స్ కీ వాడే వరుసలోనే ఉండాలి. స్నాప్ కట్టర్ బ్లేడు నిటారుగా పెట్టి కోయండి, లోతు టూల్ మందంలో మూడింట రెండు వంతులు. పక్కన 25 మి.మీ. వేలి గాడి లేకపోతే కీ బయటకు రాదు, స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తారు, ఫోమ్ చిరుగుతుంది. వెర్నియర్, మైక్రోమీటర్లకు వేరే ట్రే పెట్టండి. స్పానర్ల పక్కన పెడితే కాలిబ్రేషన్ మాట దేవుడెరుగు. ఫోమ్‌కు ఉన్న లోపం, గాళ్లలో బర్రు పేరుకోవడం. కంప్రెసర్ గాలి కొడితే కళ్లలో పడుతుంది, వ్యాక్యూమ్ వాడండి.

కిట్‌లోని ఎర్ర ట్యాగులు మామూలు అట్టవి, ఇంగ్లిషులో అచ్చేసినవి. కూలెంట్ తగిలితే రెండు రోజుల్లో గుజ్జు. లామినేట్ చేసినవైతే బాల్ పెన్ రాయదు. షెడ్డులో పనిచేసేవాళ్లలో తెలుగువాళ్లతో పాటు ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు కనుక తెలుగు, హిందీ రెండూ ఉండేలా చిరగని సింథటిక్ పేపరు మీద దగ్గర్లోని ప్రింటింగ్ ప్రెస్‌లో వేయించుకోండి. అందులో నంబరు, వస్తువు, ట్యాగు కట్టిన తేదీ, కట్టినవాళ్ల పేరు, ఏం చేయాలి, ఎప్పటిలోగా అనే గళ్లు తప్పనిసరి. చివరి గడి లేకపోతే ఎర్ర ట్యాగు ఏరియా పాత సామాన్ల కొట్టుగా మారిపోతుంది, పైగా అధికారికంగా.

లేబుల్ పౌచ్‌లు కాన్‌బాన్ కార్డులకు (బిన్ ఖాళీ అయింది, మళ్లీ నింపండి అని ముందు మెషిన్‌కు చెప్పే కార్డులు) బాగా పనికొస్తాయి. కార్డులు ఎన్ని కావాలో ఊహించి వేయొద్దు. తర్వాతి మెషిన్ గంటకు 40 పీసులు వాడుతుంది, మళ్లీ నింపడానికి 4 గంటలు పడుతుంది, 20 శాతం అదనం పెట్టుకున్నాం, బిన్‌కు 24 పీసులు పడతాయి. 40 ఇంటూ 4 ఇంటూ 1.2 అంటే 192, బిన్‌కు 24 చొప్పున 8 కార్డులు. నెల గడిచాక ఒక కార్డు తీసేసి చూడండి. పని ఆగకపోతే ఇంకొకటి. ఆగిందా, ఎందుకు ఆగిందో వెతికి సరిచేశాకే తర్వాతి కార్డు జోలికి వెళ్లండి.

కొన్న టేపు రోల్స్‌ను రేకుల కింద అటక మీద పెట్టొద్దు. వేడికి బంక పక్కలకు ఉబికి, రోల్ విప్పేటప్పుడు చిరుగుతుంది. పాత టేపు ఊడదీసేటప్పుడు హీట్ గన్‌తో కాస్త వేడి చేసి, గచ్చుకు దగ్గరగా వెనక్కి మడిచి నెమ్మదిగా లాగితే ఒకే ముక్కగా వస్తుంది. మిగిలిన బంకకు టర్పెంటైన్, దాని తర్వాత సబ్బునీళ్లు. టర్పెంటైన్ వాడే ముందు హీట్ గన్ ప్లగ్ తీసేసి పక్కన పెట్టండి, షట్టర్ ఎత్తి ఉంచండి.